మందు కొట్టింది నిన్న, కోతకు దిగేది ఇవాళ

గౌరవనీయులైన సంపాదకులకు,

మిరప, పత్తి సీజన్ మొదలైతే చాలు, పత్రికల్లో "పురుగుమందు కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు" అంటూ ఒక చిన్న వార్త పడుతుంది. పక్కనే బొమ్మ. వీపున ట్యాంకు, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు, గాలి వాలు చూసుకుని నడుస్తున్న మగమనిషి. చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. కాకపోతే ఆ బొమ్మలో ఉన్నాయన చేలో ఉండేది ఒక పూట. మర్నాడో, ఆ మర్నాడో అదే చేలోకి కాయ కోయడానికో పత్తి తీయడానికో దిగి, పొద్దు వాలేదాకా ఆకుల మధ్య మెసిలే కూలీల ముఠాలో దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు. వాళ్లకు బొమ్మ లేదు, మాస్కు లేదు, "ఈ చేలో నిన్న ఏం కొట్టారు?" అని అడిగే అలవాటు అసలే లేదు.

నెలసరి గతి తప్పడం, గర్భం ఆలస్యం కావడం, వచ్చినా నిలవకపోవడం, వీటికీ ఏళ్ల తరబడి మందు సోకడానికీ ఉన్న సంబంధంలో తేలిందేమిటో, తేలనిదేమిటో, గుంటూరు చుట్టుపక్కల రేపటి నుంచే మార్చగలిగింది ఏమిటో రాస్తున్నాం. భయపెట్టడానికి కాదు. మందు లేకుండా ఈ నేలలో మిరప పండదని వాదించేవాళ్లతో ఈ లేఖలో తగువు పెట్టుకోదలచుకోలేదు కూడా.

ముందు డబ్బా మీది గుర్తు సంగతి చూడాలి. పురుగుమందుల నియమాలు–1971 ప్రకారం ప్రతి డబ్బా మీదా వజ్రాకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలోని త్రికోణం రంగును బట్టి విష తీవ్రత తెలుస్తుంది. ఎరుపైతే అత్యంత విషం, పసుపు ఆ తర్వాతది, నీలం దాని తర్వాతది, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఈ రంగు ప్రధానంగా ఒకే లెక్క మీద వస్తుంది. ఎలుకలకు నోటి ద్వారా ఎంత ఇస్తే వాటిలో సగం చస్తాయి? కిలో బరువుకు 1 నుంచి 50 మిల్లీగ్రాములకే చస్తే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 అయితే నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. అంటే ఆ రంగు చెప్పేది ఒక్కసారి మింగితే ప్రాణం పోతుందా లేదా అన్నది మాత్రమే. రోజుకు ఇంత చొప్పున పదేళ్లు చర్మానికి తగిలితే అండాశయం ఏమవుతుందో, కడుపులో పిండం ఏమవుతుందో ఆ త్రికోణానికి తెలియదు.

ఇది మాటల గారడీ కాదు. కార్బెండజిమ్, మాంకోజెబ్ అనే తెగులు మందులు గుంటూరు రైతులందరికీ పరిచయమే. రెంటికీ ఎలుకల ప్రాణాంతక మోతాదు 5000 పైనే, కాబట్టి ఆకుపచ్చ వర్గం. అందుకే "ఇది పచ్చ గుర్తు మందేగా, ఏం కాదు" అని చేత్తో కలుపుతారు. అయితే యూరప్‌లో కార్బెండజిమ్‌ను సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల్లో 1బి తరగతిలో (మనిషికి హాని చేస్తుందని గట్టిగా భావించేవి) పెట్టారు. 2014 తర్వాత అక్కడ దాన్ని పంటల మీద వాడటానికి అనుమతి లేదు. మాంకోజెబ్‌కు కూడా అనుమతి కొనసాగించకూడదని 2020 డిసెంబరులో నిర్ణయించారు. మన దేశంలో 2020 మే నెలలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా విడుదల చేసినప్పుడు ఈ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. చివరికి 2023లో ఆ జాబితా నుంచి పూర్తిగా నిషేధంలోకి వెళ్లినవి డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్ అనే మూడే. మిగతా వాటి మంచిచెడ్డల మీద నిపుణులు వాదించుకోవచ్చు. పచ్చ రంగును "ఆడవాళ్లకు క్షేమం" అని చదువుకోవడం మాత్రం తప్పే.

కార్బెండజిమ్ ఎందుకు అనుమానించాల్సిన మందో కొంచెం వివరంగా చెప్పాలి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల దారాల్లాంటి నిర్మాణం ఏర్పడి క్రోమోజోములను చెరోవైపు లాగుతుంది. బూజు కణంలో ఆ దారాలు పేనకుండా అడ్డుపడటమే ఈ మందు పని. తెగులు ఆగేది అందుకే. మనిషి కణంలోని దారాల మీద దీని పట్టు బూజు మీద ఉన్నంత గట్టిగా ఉండదు. కానీ ఆడదాని అండం విడుదలయ్యే ముందు పూర్తిచేసే విభజన చాలా సున్నితమైనది, అదీ ఆ దారాలతోనే జరగాలి. ప్రయోగశాలలో ఆ సమయంలో ఈ మందు ఇచ్చిన జంతువుల్లో క్రోమోజోముల లెక్క తప్పిన అండాలు, నిలవని గర్భాలు కనిపించాయి. చేలో కూలికి అంత మోతాదు అందదు, నిజమే. అయితే ప్రయోగశాల ఎలుకకు ఒక్క మందే ఇస్తారు. మన కోతకూలీకి తగిలేది ఒకటి కాదు. ఒకే ట్యాంకులో రెండు పురుగుమందులు, ఒక తెగులు మందు, దాని మీద లేబుల్‌పై ఏముందో స్పష్టంగా రాయకుండా "బయో" పేరుతో అమ్మే ఏదో ఒక సీసా. ఆ కలయికను పరీక్షించినవారెవరూ లేరు.

మాంకోజెబ్ దారి వేరు. అది విరిగినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం వస్తుంది, అది థైరాయిడ్ పనిని కుంటుపరుస్తుంది. థైరాయిడ్ తగ్గితే నెలసరి తప్పుతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది. కాయకుళ్లుకూ బూడిద తెగులుకూ కొట్టే టెబుకొనజోల్, ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్ వంటి "జోల్" మందులది మరో దారి. బూజులో ఒక ఎంజైమును ఆపడం వాటి పని. అదే కుటుంబానికి చెందిన అరోమటేజ్ అనే ఎంజైమే మన అండాశయంలో ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. పాత ఆర్గానోక్లోరిన్‌ల సంగతి అందరికీ తెలిసిందే. డీడీటీ వాడకం వ్యవసాయంలో 1989లోనే ఆగింది, ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. కానీ డీడీటీ నుంచి వచ్చే డీడీఈ ఒంట్లోని కొవ్వులో చేరితే సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు మాత్రం రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతాయి. అవి వెళ్లిపోతాయి సరే, కోతల కాలంలో మళ్లీ రేపు లోపలికి వస్తాయి.

ఇక ఎలా వస్తాయన్నది. ముక్కు ద్వారా అనుకుంటారు అందరూ. చేలో పనిచేసే ఆడవాళ్ల విషయంలో పెద్ద దారి చర్మం. జనవరి, ఫిబ్రవరిలో ముఠా ఆటో దిగేసరికి ఆకు మీద మంచు ఉంటుంది. నిన్న ఎండిపోయిన మందు ఆ మంచులో మళ్లీ కరుగుతుంది. మోకాళ్లదాకా ఎగదోపిన చీర, పైన వేసుకున్న మగవాళ్ల పాత చొక్కా అరగంటలో తడిసి తొడలకూ పొట్టకూ అతుక్కుంటాయి. తడిగుడ్డ కింద చర్మం మందును మరింత పీల్చుకుంటుంది. అన్ని చోట్లా చర్మం ఒకటి కాదు. పారథియాన్ అనే పాత మందుతో మనుషులపై చేసిన పరీక్షలో ముంజేయి పీల్చుకున్నదాన్ని 1 అనుకుంటే పొట్ట రెండింతలు, నుదురు, మాడు దాదాపు నాలుగింతలు పీల్చుకున్నాయి. గజ్జల దగ్గర అంతకంటే ఎక్కువ. తలకు చుట్టుకున్న తువ్వాలు చెమటకు తడిసి, అదే తువ్వాలుతో మొహం తుడుచుకుంటే మాడు, నుదురు రెండూ అయ్యాయి.

ఇంకొకటి ఎవరూ పైకి చెప్పరు. చేలో మరుగు లేక ఒంటేలుకు వెళ్లడం వాయిదా వేసి వేసి, వెళ్లినప్పుడు కాయ కోసిన చేతులతోనే వెళ్తారు. బహిష్టు రోజుల్లో గుడ్డో ప్యాడో మార్చుకునేదీ ఆ చేతులతోనే. యోని లోపలి పొర చర్మం కంటే పల్చన, అక్కడ ఏది తగిలినా తొందరగా రక్తంలోకి పోతుంది. చేతులు కడుక్కోవాల్సింది వెళ్లొచ్చాక మాత్రమే కాదు, వెళ్లే ముందు కూడా. గట్టు మీద సబ్బు, బిందెడు నీళ్లు ఉంటే సరిపోయే పని. కోత ధర దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే రైతూ మేస్త్రీ ఈ బిందె సంగతి ఎప్పుడూ మాట్లాడుకోరు.

మందు కలపడం మగవాళ్ల పని అనుకుంటే అదీ పొరపాటే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని మూడు పత్తి గ్రామాల్లో రైతులు, మహిళలు తమ లక్షణాలను తామే రాసుకున్న అధ్యయనంలో, మందు కలిపి ట్యాంకులు నింపిన ఆడవాళ్లూ కొట్టిన మగవాళ్లంతగానే మందుకు గురయ్యారని తేలింది. కలిపేటప్పుడు చేతికి తగిలేది నీళ్లు కలవని చిక్కటి మందు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోన్ ట్యాంకులో 10 లీటర్లలో కలుపుతారు. అంటే మోతాదు అంతే అయినా ఆ ద్రావణం 20 రెట్లు చిక్కన. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చేందుకు 2023లో మొదలైన నమో డ్రోన్ దీదీ పథకంలో ఆ ట్యాంకు నింపేది స్వయం సహాయక సంఘాల మహిళలే. డ్రోన్ ఎగరేయడం నేర్పే శిక్షణలో గర్భం గురించి ఒక్క గంటైనా ఉండాలి.

ఇంట్లో బట్టలు ఉతికేదెవరో చెప్పనక్కర్లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాం.

అండం గురించి ఒక లెక్క తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మగవాడిలో వీర్యకణాలు రోజూ కొత్తవి పుడతాయి, ఒక విడత తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు. ఆడదానికి అండాల మూట పుట్టకముందే కట్టి ఇచ్చేస్తారు. తల్లి కడుపులో 20 వారాల వయసున్న ఆడ పిండంలో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి 3 నుంచి 4 లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. పోయినవి మళ్లీ పుట్టవు. కాబట్టి కడుపుతో ఉన్న మనిషి మందు చేలో దిగితే ఆ చీర చెంగు కింద మూడు తరాలు ఉన్నట్టు. తల్లి, కడుపులోని ఆడబిడ్డ, ఆ బిడ్డలో అప్పుడే కట్టుకుంటున్న అండాలు. కాలిఫోర్నియాలో 1960ల తొలినాళ్లలో ప్రసవించిన తల్లుల రక్తాన్ని దాచిపెట్టి, వాళ్ల కూతుళ్లు పెద్దయ్యాక వాళ్ల సంగతి చూసి 2003లో ప్రచురించారు. తల్లి రక్తంలో డీడీటీ లీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగినకొద్దీ కూతురికి నెలనెలా గర్భం వచ్చే అవకాశం 32 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో డీడీఈ ఎక్కువున్న తల్లుల కూతుళ్లలో అవకాశం 16 శాతం పెరిగింది కూడా. ఈ రెండో మాట చాలామంది చెప్పరు, మేము చెబుతున్నాం. ఈ రసాయనాలు అన్నీ ఒకే వైపు తోయవు.

మరో లెక్క. విడుదలయ్యే అండం చివరి దశ ఎదుగుదలకు సుమారు 85 రోజులు పడుతుంది. ఫిబ్రవరిలో కోతల్లో తగిలిన మందు ప్రభావం మేలో విడుదలయ్యే అండం మీద ఉండొచ్చు. నెల తప్పాక పని మానేస్తాను అనుకుంటే అప్పటికి చాలా జరిగిపోయి ఉంటుంది. గర్భం ధరించిన 28 రోజులకే పిండం వెన్నుపాము మూసుకుంటుంది, ఆ నాటికి చాలామందికి తాము గర్భవతులమని తెలిసే ఉండదు. గర్భం కోరుకునేవాళ్లు జాగ్రత్త పడాల్సింది అంతకు మూడు నెలల ముందు నుంచి. భర్తకూ అదే లెక్క వర్తిస్తుంది. పత్తి చేలల్లో మందు కొట్టే మగవాళ్ల కుటుంబాలపై 1991లో వెలువడిన హైదరాబాద్ పరిశోధకుల అధ్యయనంలో, ఆ కుటుంబాల్లో గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువగా కనిపించారు. మందు సోకింది భర్తకు, కడుపు పోయింది భార్యకు.

రుజువులు ఎంత గట్టివి? అమెరికాలో వ్యవసాయ కుటుంబాలకు చెందిన, 21 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న 3103 మంది మహిళలపై 2004లో వచ్చిన అధ్యయనంలో, హార్మోన్ల మీద పనిచేసే అవకాశమున్న పురుగుమందులు వాడినవాళ్లలో, ఎన్నడూ వాడనివాళ్లకంటే నెలసరి ఎడం పెరగడం, తప్పిపోవడం, మధ్యలో రక్తం కనిపించడం 60 నుంచి 100 శాతం ఎక్కువ. డెన్మార్క్‌లో గ్రీన్‌హౌసుల్లో పూలమొక్కలతో పనిచేసే మహిళలను గమనిస్తే, మొత్తంగా చూసినప్పుడు ఇతరులతో పోలిస్తే గర్భం ఆలస్యమైనట్టు కనిపించలేదు. కానీ తొడుగులు లేకుండా పనిచేసినవాళ్లను విడిగా చూస్తే నెలనెలా గర్భం వచ్చే అవకాశం సుమారు మూడో వంతు తక్కువ. వాళ్లు మందు కొట్టిన మొక్కలను చేత్తో పట్టుకున్నవాళ్లు. మన కోతకూలీల పనికి దగ్గరగా ఉన్నది ఇదే. బోస్టన్‌లో సంతానం కోసం చికిత్స పొందుతున్న 325 మంది మహిళల్లో, పురుగుమందు అవశేషాలు ఎక్కువుండే పండ్లు కూరలు రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువ తిన్నవాళ్లకు బిడ్డ పుట్టే అవకాశం, తక్కువ తిన్నవాళ్లకంటే 26 శాతం తగ్గినట్టు 2018 నాటి వ్యాసం చెప్పింది. అది తిండి సంగతి, అదీ చికిత్సకు వచ్చినవాళ్ల సంగతి. దాన్ని చూపించి విజయవాడలో కూర తినడం మానమనడం తెలివితక్కువ. కూరగాయలు మానేస్తే వచ్చే రక్తహీనత గర్భానికి ఇంకా చెడ్డది.

ఒక మనిషికి సంతానం లేకపోతే "ఇది మందు వల్లే" అని ఏ డాక్టరూ వేలెత్తి చూపలేరు. ట్యూబులు మూసుకుపోవడం, గర్భసంచి క్షయ, పీసీఓఎస్ (అండాశయంలో నీటిబుడగల సమస్య), థైరాయిడ్, భర్తలో కణాల లోపం, ఇవన్నీ మన దగ్గర మామూలే. అందుకే ముందు వాటిని చూడాలి. మందు మీదకు నెట్టేసి "ఒంట్లోంచి విషం లాగే" కషాయాలకూ డ్రిప్పులకూ వేలు పోయించే చోట్లు ఉన్నాయి. అండాశయం నుంచి మందును బయటికి లాగే కషాయం ఏదీ లేదు. ఉన్న ఒకే వైద్యం, కొత్తగా తగలకుండా చూడటం.

దానికి మొదటి మెట్టు చేనుకు బోర్డు. ఇది మా అసలు కోరిక. ప్యాకెట్ మీద "కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలి" అని ఉండే గడువు కాయ తినేవాళ్ల కోసం లెక్కకట్టింది. కాయ కోసేవాళ్ల కోసం కాదు. అమెరికాలో కూలీలు మళ్లీ చేలోకి ఎప్పుడు దిగవచ్చో మందు విషాన్ని బట్టి 12 గంటల నుంచి 48 గంటల దాకా, వాన తక్కువ పడే చోట కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లకు 72 గంటల దాకా విడిగా గడువు ఉంటుంది. గడువు తీరేదాకా బోర్డు పెట్టాలి, లేదా కూలీలకు నోటిమాటగానైనా చెప్పాలి. మన దగ్గర తప్పు జరిగేది ఎక్కడంటే, ముఠా దొరకడమే గగనం. రాత్రి పదింటికి మేస్త్రి ఫోన్ చేసి "రేపు నీ చేలో దిగుతాం" అంటే, సాయంత్రం మందు కొట్టిన రైతు కాదనలేడు. కాదంటే మళ్లీ పది రోజులు ముఠా రాదు, కాయ చెట్టునే ఎండి రంగు పోతుంది, తాలు (రంగు చెడిన నాసి కాయ) కింద పడి ధర తెగుతుంది. అందుకే దీన్ని రైతు మనస్సాక్షికి వదిలేస్తే జరగదు. కొట్టిన రోజు, గంట, మందు పేరు ఒక అట్టముక్క మీద రాసి గట్టున కర్రకు కట్టాలి. లేబుల్ ఏమీ చెప్పని చోట కనీసం 48 గంటలు, ఆ తర్వాత కూడా మంచు ఆరాకే దిగాలి. పొద్దున ఆరుకు బదులు ఎనిమిదిన్నరకు దిగితే ఎండలో రెండు గంటలు ఎక్కువ ఉండాలి కదా అని ముఠా అడుగుతుంది, న్యాయమే. మధ్యాహ్నం రెండు గంటల విరామం ఇచ్చి సాయంత్రం పొడిగించుకోవచ్చు. కోతకు పిలిచే ముందు మందు కొట్టడం ఆపి, కోత అయ్యాక కొట్టే పద్ధతి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు, ఖర్చూ కలిసొస్తుంది.

తొడుగుల విషయంలో ఒక పొరపాటు బాగా కనిపిస్తుంది. కాయ మంటకు భయపడి గుడ్డ తొడుగులు వేసుకుంటారు. గుడ్డ మంచును, మందును పీల్చి రోజంతా చేతికి పట్టీ కట్టినట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ తొడుగూ లేకపోవడం కంటే తడిసిన గుడ్డ తొడుగే చెడ్డది. మందు కలిపేవాళ్లకు 0.35 మిల్లీమీటర్ల మందం పైబడిన నైట్రైల్ తొడుగు కావాలి, ద్రావకాలున్న ఈసీ మందులకు (నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడేవి) పల్చటి లేటెక్స్ ఆగదు. కానీ అంత మందం తొడుగుతో మిరపకాయ తొడిమ దొరకదు. కోతకు పల్చటి నైట్రైల్ జత, మధ్యాహ్నం అన్నానికి తీసేసి పారేయాలి, తర్వాత కొత్త జత. చిరిగితే వెంటనే మార్చాలి. చీర మీద మోకాళ్ల కింది దాకా వచ్చే ప్లాస్టిక్ ఆప్రాన్ నడుముకు కట్టుకుంటే పొట్టా తొడలూ తడవవు, మంచు ఆరాక విప్పేయొచ్చు. ఎరువు బస్తా లోపలి కవరును చీల్చి కట్టుకున్నా పనికొస్తుంది, కడిగినదైతే. మందు డబ్బాతో నీళ్లు తెచ్చుకోవడం మాత్రం ఎన్నిసార్లు కడిగినా వద్దు. ముఖానికి ఎన్95 మాస్కు తుంపరనూ దుమ్మునూ ఆపుతుంది, మందు ఆవిరిని ఆపదు. మిర్చి యార్డు దగ్గరా కోల్డ్ స్టోరేజీల దగ్గరా తొడిమలు తీసే షెడ్లలో మాత్రం అదే సరైనది. అక్కడి గొడవ దుమ్మే.

బట్టల దగ్గరికి వద్దాం. మందు కొట్టినవాళ్ల బట్టలు ఇంట్లోకి తేకుండా బయటే ఒక పాలిథిన్ సంచిలో వేయాలి. ఉతికేవాళ్లు రబ్బరు తొడుగులు వేసుకుని, ముందు ఒట్టి నీళ్లలో మూడుసార్లు జాడించాలి. తర్వాత చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో డిటర్జెంట్ వేసి అరగంట నానబెట్టి, కర్రతో తిప్పి ఉతకాలి. బ్లీచింగ్ వేయొద్దు, దానివల్ల కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లు మరింత విషంగా మారతాయి. పసిపిల్లల బట్టలు, బహిష్టు గుడ్డలు ఆ బకెట్‌లో ఎప్పుడూ కలపకూడదు. మెషిన్ ఉంటే విడిగా వేసి, తర్వాత ఒకసారి ఒట్టి డిటర్జెంట్ నీళ్లతో తిప్పాలి. ఎండలోనే ఆరేయాలి. చిక్కటి మందు ఒలికి తడిసిన చొక్కాను ఉతికి లాభం లేదు, పాతిపెట్టేయాలి. కడుపుతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఈ ఉతుకుడు భర్తకే అప్పగించడం మేలు. అతని చొక్కాయే కదా.

పెళ్లయి గర్భం కోరుకుంటున్న అమ్మాయిని కోతలు మానమని చెప్పడం తేలికే, ఆ రోజు కూలి ఎవరిస్తారు? కాబట్టి పని మార్పు అడగాలి. కల్లంలో తాలు ఏరడం, టిక్కీలు (మిరప బస్తాలు) కుట్టడం, వంట, నీళ్లు అందించడం, ఈ పనులు ముఠాలో ఎప్పుడూ ఎవరో ఒకరికి ఉంటాయి. వాటిని వయసు మళ్లినవాళ్లకు మాత్రమే ఇచ్చే పద్ధతి మారాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వాడాలి. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, వయసు 35 దాటితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ కలిసి పరీక్షకు వెళ్లాలి. భర్త వీర్యపరీక్ష చేయించకుండా భార్యకు రెండేళ్లు మందులు మింగించడం ఇప్పటికీ మామూలుగా జరుగుతోంది.

తోటి డాక్టర్లకు ఒక మాట. కేసు షీటులో "వృత్తి: కూలి" అని రాసి వదిలేయకండి. ఏ పంట, ఏ నెలలు, కోతా కలుపా మందు కలపడమా, మందు కొట్టిన ఎన్ని గంటలకు దిగుతారు, తొడుగులు ఉన్నాయా, ఇంట్లో మందు ఎవరు కొడతారు, ఇంటికీ చేనుకీ ఎంత దూరం, ఇవి అడగడానికి మూడు నిమిషాలు చాలు. నెలసరి రెండో మూడో రోజు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయోల్, ఎప్పుడైనా ఏఎంహెచ్, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, స్కాన్‌లో చిన్న ఫాలికల్స్ లెక్క, ట్యూబుల పరీక్ష, ఈ క్రమమే. మాంకోజెబ్ చేలల్లో పనిచేసేవాళ్లకు టీఎస్‌హెచ్ తప్పకుండా చూడండి. రక్తంలో మందు పరీక్ష మామూలుగా రాయకండి, డబ్బు దండగ. కోలినెస్టరేజ్ (నరాల పనికి కావాల్సిన, కొన్ని పురుగుమందులు దెబ్బతీసే ఎంజైము) పరీక్ష ఉపయోగపడేది సీజన్ ముందు ఒకసారి చేసి, కోతల మధ్యలో మళ్లీ చేసి పోల్చినప్పుడే. కాలిఫోర్నియాలో ఎర్రరక్తకణాల కోలినెస్టరేజ్ మొదటి కొలత నుంచి 20 శాతం తగ్గితే పని పద్ధతిని తనిఖీ చేస్తారు, 30 శాతం తగ్గితే ఆ పని నుంచి తప్పిస్తారు. అయితే ఈ పరీక్ష ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు తగిలితేనే పట్టిస్తుంది. తెగులు మందులు, ఇమిడాక్లోప్రిడ్ రకం మందులు దీనికి చిక్కవు, కాబట్టి మామూలుగా వచ్చిందని ధైర్యం చెప్పేయకూడదు. పాలిచ్చే తల్లిని మాత్రం పాలు మానమని చెప్పకండి.

ఇక అధికారులను అడగాల్సినవి. 1971 నియమాల్లోని వైద్య పరీక్షలూ రక్షణ దుస్తులూ మందు తయారుచేసేవాళ్లకూ కొట్టేవాళ్లకూ వర్తించేలా రాశారు. మర్నాడు దిగే కోతకూలీని ఆ పరిధిలోకి తేవాలి, లేబుల్ మీద చేలోకి తిరిగి దిగే గడువును తెలుగులో, వేలెడు అక్షరాల్లో ముద్రించాలి. సంతానోత్పత్తికి హాని అనుమానం ఉన్న మందుల మీద, త్రికోణం ఏ రంగైనా, గర్భిణి బొమ్మకు అడ్డగీత గుర్తు వేయాలి. లిపి చదవలేనివాళ్లకు బొమ్మ చాలు. రైతు సేవా కేంద్రాల్లో మందుతో పాటు రెండు నైట్రైల్ జతలు, గట్టున కట్టే అట్ట ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి ఏటా కుటుంబాలతో వచ్చి మన చేల గట్ల మీదే గుడారాలు వేసుకునే వలస కూలీల సంగతి వేరే చెప్పాలి. వాళ్లు మందు కొట్టిన చేలో పనిచేయడమే కాదు, రాత్రి దాని పక్కనే పడుకుంటారు. గర్భిణుల పేర్లు సొంతూళ్లో ఆశా కార్యకర్త దగ్గర ఉంటాయి. ఇక్కడికొచ్చాక మూడు నాలుగు నెలలు వాళ్లను ఎవరూ చూడరు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి మిరప గ్రామంలో ఏఎన్ఎం వారానికొకసారి గుడారాల దగ్గరికి వెళ్లి, తల్లీబిడ్డ కార్డు చూసి, నెల తప్పినవాళ్లను గుర్తిస్తే చాలు. గుడారం చేనుకు ఆనుకుని కాకుండా, చేను మీది గాలి తగలని వైపున, ఊరి దగ్గర వేయించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి.

గుంటూరులో స్పైసెస్ బోర్డు పరీక్షా కేంద్రం ఉంది. ఎగుమతికి వెళ్లే మిరపకాయలో ఏ మందు ఎంత మిగిలిందో అక్కడ కొలుస్తారు. ఆ లెక్కలకు సరుకు ఏ మండలానిదో జతచేస్తే, అవశేషం ఎక్కడ ఎక్కువుందో తెలుస్తుంది. ఆ వివరాలను ఏటా మండలాల వారీగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు పంపితే, ఏ ఊళ్లో కోతకూలీలకు సీజన్ ముందు రక్తపరీక్ష చేయించాలో, ఎక్కడ మొదట గట్టున బోర్డు కట్టించాలో తెలుస్తుంది. వచ్చే జనవరి కోతల నాటికి దీన్ని ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టమని రెండు శాఖలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
స్త్రీల వైద్యం, పంటల సంరక్షణ రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
గుంటూరు